పరుల నడత – కారణ నిర్ణయము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



ఒక పల్లెయందలి గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపులు మూయక నిలుచుట చిన్న విషయము కాదు. ఇంటింటికి తిరిగి చందాలు పోగుచేసినవారును, బీరువాలు చేయించినవారును, ప్రతి సాయంకాలము పత్రికలను బల్లపై పఱచి కాచుకొని కూర్చున్నవారును అభినందనీయులు. ఇట్టి సభలో గ్రంథాలయోద్యమ చరిత్రము చెప్పవచ్చును. పుస్తకపఠనము వలని లాభములు చెప్పవచ్చును. ఆ రెండును ఇతర వక్తలు చక్కగా చెప్పుదురు. ఈ ప్రసంగ విషయము మాత్రము గ్రంథాలయమునందలి ఒకానొక పుస్తకము నుండి పుట్టినది. అది చదువరులకిచ్చు పుస్తకము కాదు. పుస్తకములు తీసికొనిపోయినవారి పేర్లు వ్రాసికొను రిజిస్టరు.

ఏ గ్రంథాలయపు రిజిస్టరు తెఱచి చూచినను అందు పుస్తకము పేరు, తీసికొనినవారి పేరు, ఇచ్చిన తేది, తిరిగి వచ్చిన తేది అను గళ్లుండును. గడువు దాటి రెండు నెలలైనను పుస్తకము రానిచో ఆ పేరు చెంత ఎఱ్ఱసిరా గీత పడును. గీత పడిన పిదప ఆ మనుష్యుని గూర్చి ఒక మాట పుట్టును: “బాధ్యత తెలియనివాడు.” ఇంటిలో తల్లికి జబ్బుచేసి పట్టణపు ఆసుపత్రిలో నెలదినములు కనిపెట్టుకొని యుండెనేమో, కూలిపనికి పొరుగు జిల్లాకు పోయెనేమో, ఆ సంగతి వ్రాయుటకు రిజిస్టరులో గడి లేదు. అదే కార్యదర్శిగారు తాము ఇంటికి తీసికొనిపోయిన నవలను మూడు నెలలు అటకపై మఱచినచో, “నూర్పిళ్ల రోజులు, ఊపిరి తీసికొనుటకు తీరిక లేకపోయెను” అందురు. అది అబద్ధమును కాదు. నిజముగనే నూర్పిళ్లు జరిగినవి. చిక్కంతయు ఇచ్చటనే కలదు. చేసిన పని ఒక్కటే. పరుడు చేసినపుడు అది వాని గుణము, తాను చేసినపుడు అది కాలము.

పాఠశాలలో చూడుడు. వెనుకబల్లపై కూర్చున్న పిల్లవాడు నల్లబల్లపై వ్రాసినది తప్పుగా ఎక్కించుకొనును. అడిగిన ప్రశ్నకు బిక్కమొగము వేయును. ఏడాది గడచునప్పటికి వానికి మొద్దు అను పేరు స్థిరపడును. వాని తండ్రియు అదే పేరుతో పిలుచును. తుదకు ఏ కంటి వైద్యశిబిరమో ఊరికి వచ్చినపుడు వానికి హ్రస్వదృష్టి యున్నదనియు, నల్లబల్ల వానికి ఒక నల్లని మఱక మాత్రమే యనియు తేలును. ఇట్టి పిల్లలు ప్రతి పాఠశాలలోను ఒకరిద్దఱుందురు. కంటిజోడు ధర స్వల్పము. ఆ పేరు మాపుటకు పట్టు కాలము స్వల్పము కాదు. ఏలయన అప్పటికి ఆ పిల్లవాడును తాను మొద్దునని నమ్మియుండును.

ఈ విషయమును శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో ముందు చెప్పవలసినవాడు ఫ్రిట్జ్ హైడర్. వియన్నాలో 1896లో జన్మించి, అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున పనిచేసిన ఈ మనస్తత్త్వవేత్త 1958లో వ్యక్తుల పరస్పర సంబంధములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. లోకములోని సామాన్యుడు సైతము నిత్యము ఒక శాస్త్రజ్ఞుని వలె కారణములు వెదకుచుండుననియు, ఒక పనికి కారణము చేసినవాని లోపల నున్నదా, వెలుపల నున్నదా యని తేల్చుకొనుచుండుననియు ఆయన చూపెను. అయితే ఈ వెదకుటలో త్రాసు సమముగా నుండదు. మనుష్యుడు కదలును, మాటలాడును, కంటికి నిండుగా కనబడును. వాని చుట్టునున్న పరిస్థితి కదలదు, మాటలాడదు. వీధినాటకములో వేషధారిని చూచువాడు దీపముల వెనుక త్రాళ్లు లాగువానిని చూడనట్లే, చూపరి కంటికి మనిషి కనబడునే గాని వాని పరిస్థితి కనబడదు. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లీ రాస్ ఈ పొరపాటునకు ఒక పేరు పెట్టెను. దానిని తెలుగులో మౌలిక ఆరోపణ దోషమనవచ్చును. ఆరోపణ అను మాట ఇచ్చట చక్కగా అమరినది. ఒకదానిపై లేనిదానిని ఎక్కించుట దాని మొదటి యర్థము. నింద మోపుట లోకవ్యవహారములో స్థిరపడిన యర్థము. రెండర్థములకును నడుమ దూరము మిక్కిలి తక్కువ.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ నగరమున క్రైస్తవ మతాచార్యులుగా శిక్షణ పొందు విద్యార్థులపై జరిగిన పరీక్ష యొకటి ఇచ్చట చెప్పదగినది. జాన్ డార్లీ, డానియల్ బాట్సన్ అను నిద్దఱు పరిశోధకులు దాని ఫలితములను 1973లో ప్రకటించిరి. నలువదిమంది విద్యార్థులు అందు పాల్గొనిరి. ఒక్కొక్కనిని పిలిచి, ప్రక్క భవనమునకు పోయి చిన్న ఉపన్యాసము చేయవలెననిరి. సగముమందికి ఇచ్చిన విషయము, దారిలో గాయపడి పడియున్న పరదేశిని ఆదుకొనిన సమరయుని కథ. బైబిలులో సుప్రసిద్ధమైన కథ యది. కొందఱితో “ఇంకను వ్యవధి యున్నది, మెల్లగా పొండు” అనిరి. కొందఱితో “వేళ అయినది, వెంటనే బయలుదేరుడు” అనిరి. మఱికొందఱితో “ఇప్పటికే ఆలస్యమైనది, మీకై కాచుకొని యున్నారు, పరుగెత్తుడు” అనిరి. దారిలో ఒక సందున ఒక మనుష్యుడు గడపలో కూలబడి, తల వంచుకొని దగ్గుచు మూలుగుచుండెను. అతడు పరిశోధకులు కూర్చుండబెట్టినవాడే.

ఎవ్వరాగిరి? తీరికగా పోవుచున్నవారిలో నూటికి 63 మంది ఏదో ఒక రీతిని సాయపడజూచిరి. కొంత తొందరలో నున్నవారిలో నూటికి 45 మంది. మిక్కిలి తొందరలో నున్నవారిలో నూటికి 10 మంది మాత్రమే. సమరయుని కథను గూర్చి ఉపన్యసింపబోవుచు ఆ మూలుగుచున్నవానిని దాటిపోయినవారును కలరు. వారి మతనిష్ఠ ఎట్టిదో ముందే ప్రశ్నపత్రముల ద్వారా పరిశీలించియుండిరి. ఆగుట, ఆగకపోవుట దానివలన నిర్ణయింప వీలుకాలేదు. వాచీలోని ముల్లు వలన వీలయినది.

ఆ సందులో నిలబడి చూచువానికి ఏమి తోచును? దాటిపోయిన విద్యార్థి కఠినుడనియు, వేషధారియనియు తోచును. ఆగినవాడు దయామయుడని తోచును. ఆ యిద్దఱి చెవులలో ఎవరెవరు ఏమి చెప్పి పంపిరో వానికి వినబడదు. అట్లని గుణము అనునదే లేదనుట ఈ పరీక్ష తాత్పర్యము కాదు. పరుగెత్తుచున్నవారిలోను పదింట ఒకడు ఆగెను గదా! ఆ యొక్కని గుణమును కాదనువాడెవ్వడు? తక్కిన తొమ్మండుగురిని గుణహీనులనుట మాత్రము తొందరపాటు.

ఇంతకంటె విచిత్రమైన సంగతి తరువాత బయటపడెను. 1982లో పియెట్రొమొనాకో, నిస్బెట్ అను పరిశోధకులు ఈ ప్రిన్స్‌టన్ పరీక్షా వృత్తాంతమును కొందఱిచేత చదివించి, అట్టిదే మఱియొక సందర్భము చెప్పి, ఎవ్వరు సాయపడుదురో ఊహింపుడనిరి. చదివినవారును చదువనివారి వలెనే మనుష్యుని గుణమునే ప్రమాణముగా గొనిరి. తొందర యెంత పనిచేయునో చదివియు, దానికి తగినంత విలువ నీయలేదు. పుస్తకము చదివిన మాత్రమున ఈ దోషము పోవునని గ్రంథాలయ సభలో చెప్పుటకు వీలులేకున్నది.

మండల కార్యాలయమునకు అర్జీ పట్టుకొని వచ్చిన రైతును తలచుకొనుడు. గుమాస్తా అడుగును: సర్వే నంబరెంత, సబ్‌డివిజనేది, అడంగలు నకలేది, పట్టా ఎవరి పేరనున్నది? రైతు తడబడును, తలపాగ సవరించుకొనును, కాగితములు తలక్రిందులుగా చాపును. గుమాస్తా తన ప్రక్కవానితో “వీరికి ఎన్నిసార్లు చెప్పినను తలకెక్కదు” అనును. వరుసలో వెనుక నిలబడిన మఱియొక రైతును అట్లే తలచును. ప్రశ్నలన్నియు గుమాస్తాకు నిత్యపరిచితమైన చిన్న వలయములోనివని ఎవ్వరికిని స్ఫురింపదు. అదే గుమాస్తాను చేనిగట్టున నిలబెట్టి, ఈ పైరు పసుపుపచ్చనగుట నీరు నిలుచుట వలననా, జింకు లోపము వలననా యని రైతు అడిగినచో తడబడువాడు ఎవ్వడో వేఱుగ చెప్పనక్కఱలేదు. రాస్, అమాబైల్, స్టైన్‌మెట్జ్ అనువారు 1977లో చేసిన పరీక్ష ఇట్టిదే. విద్యార్థులను జతలుజతలుగా చేసి, ఒకడు ప్రశ్నించువాడు, ఒకడు బదులు చెప్పువాడు అని కేవలము అదృష్టమునుబట్టి నియమించిరి. ప్రశ్నించువాడు తనకు తెలిసిన సంగతులలో కఠినమైనవి యేరి అడుగవచ్చును. ఇంక బదులు చెప్పువాడు ఎట్లు నెగ్గును? ఆట ముగిసిన పిదప చూపరులు ప్రశ్నించినవానినే విద్వాంసుడనిరి. వింత యేమన, ఓడినవాడును అట్లే యనెను. అధికారము చేతిలో నున్నవాని తెలివి సగపాలు ఆ కుర్చీది. కుర్చీ దిగినవారికి ఈ సంగతి తెలియును, ఎక్కియున్నవారికి తెలియదు.

న్యాయముగా మఱియొక మాటయు చెప్పవలెను. తన పనులకు పరిస్థితిని, పరుల పనులకు గుణమును కారణముగా చెప్పుట సర్వత్ర జరుగునని చాలకాలము పండితులు నమ్మిరి. 2006లో బెర్ట్రమ్ మల్లే అను నాతడు అప్పటికి ప్రకటింపబడిన 173 పరిశోధనలను ఏకముగా పరిశీలించి, ఈ భేదము అంత సార్వత్రికము కాదని తేల్చెను. చెడు ఫలితములు కలిగినపుడు అది కనబడును. మంచి జరిగినపుడు తలక్రిందగును. అనగా తన తప్పు పరిస్థితి యొక్క తప్పు, తన గెలుపు తన గొప్ప. పల్లెటూరి రచ్చబండపై కూర్చుండు పెద్దలకు ఈ రెండవ సగము చిరకాలముగా తెలిసినదే.

ఇంతవఱకు చెప్పినది ఒక మనుష్యుడు మఱియొక మనుష్యుని అపార్థము చేసికొనుట. దానివలన మనసులు నొచ్చును, స్నేహములు చెడును, ఒకానొక పిల్లవాని చదువు పోవును. ఒక ప్రాంతపు ప్రజలనందఱిని ఒక్కసారిగా అపార్థము చేసికొనినపుడు నష్టము వేఱు.

అమెరికా దక్షిణ రాష్ట్రములలోని బీదరైతులు పుట్టుసోమరులని ఆ దేశమున అనేక సంవత్సరములు చెప్పుకొనిరి. పాలిపోయిన ముఖములు, ఈడ్చుకొనుచు నడచు కాళ్లు, మిట్టమధ్యాహ్నము అరుగుపై కూలబడుట—ఇవి వారి నడతకు గుర్తులు. నాటకములలోను, హాస్యకథలలోను వారు నవ్వులపాలైరి. 1902లో చార్లెస్ స్టైల్స్ అను జంతుశాస్త్రజ్ఞుడు వారి రోగమునకు మూలము కొంకిపురుగు అని ప్రకటించెను. పురుగు పిల్లలు మలముతో కలిసిన మన్నులోనుండి, చెప్పులు లేని పాదముల చర్మము తొలిచి లోనికి చేరి, ప్రేగులలో నాటుకొని నెత్తురు పీల్చును. నెత్తురు లేనివాడు ఎట్లు పనిచేయును? పత్రికలు మొదట దీనిని సోమరితనపు క్రిమియని పరిహసించెను. 1909లో రాక్‌ఫెల్లర్ పదిలక్షల డాలర్లిచ్చి ఒక సంఘమును ఏర్పఱచెను. ఆ సంఘమువారు బడిపిల్లలను పరీక్షింపగా నూటికి ఇంచుమించు 40 మందికి ఈ పురుగున్నట్లు కనబడెను. మందు కొద్దిపాటిది, దానికి తోడు మరుగుదొడ్లు, పాదరక్షలు. పురుగు పోయిన పిదపను సోమరులు కొందఱు మిగిలియుందురు, అది ప్రతి దేశమునను ఉన్నదే. కాని ఒక తరమువారి నెత్తుటి లేమిని వారి శీలలోపముగా లెక్కవ్రాసికొనిన సంగతి చరిత్రలో నిలిచినది.

వైద్యులు రోగకారణమును తెలిసికొనుటను నిదానమందురు. వాడుక తెలుగులో ఆ మాటకే తొందరపడకుండుట యను నర్థము వచ్చినది. ఎట్లు వచ్చినదో భాషావేత్తలు చెప్పుదురు గాక. ఆ రెండును ఒక్క మాటలో నుండుట బాగున్నది. ఇప్పుడు చెప్పబోవు వృత్తాంతములో లోపించినది ఆ రెండును గూడ. అది తెలుగుదేశములో జరిగినది.

ఎఱుకలవారిని ఎఱుగని తెలుగువాడు లేడు. తమిళదేశమున వారికి సాటివారిని కొరవలందురు. బుట్టలు, తట్టలు అల్లుట, పందులను పెంచుట, స్త్రీలు సోదె చెప్పుట వీరి వృత్తులని అందఱికిని తెలిసినదే. అంతగా జ్ఞాపకము లేనిది వారి వ్యాపారము. సముద్రతీరపు ఉప్పును గాడిదలపై, ఎద్దులపై వేసికొని లోపలి జిల్లాలకు తీసికొనిపోయి, అచ్చట ధాన్యమునకు మార్చి తెచ్చుట వారిలో ఎందఱికో జీవనాధారము. వారిలో ఉప్పు పేరుతోనే పిలువబడిన శాఖ కలదు. రోడ్లు లేని ఊళ్లకు ఉప్పు చేర్చినవారు వీరును, బంజారాలును. వారు ఒకచోట నిలువకుండుట వారి స్వభావము కాదు, వారి వర్తకము. నిలిచినచో ఉప్పు నడవదు.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున పరిస్థితి మాఱెను. రైలుమార్గములు పడెను, బండ్లకొద్ది ఉప్పు రైలులో పోవుటతో గాడిదపై ఉప్పునకు గిరాకి తగ్గెను. ఉప్పుపై ప్రభుత్వపు పన్ను, ప్రభుత్వపు కట్టుదిట్టములు బిగిసెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును ఘోరమైన కఱవు పీడించెను, పశువులు చచ్చెను. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చుటతో మేతబీళ్లకును, బుట్టలల్లు వెదురునకును అడవిలో అడ్డు కలిగెను. ఒక్క తరములోనే వర్తకము, పశువులు, ముడిసరకు మూడును పోయినవాడు ఏమి చేయును? కొందఱు కూలికి పోయిరి. కొందఱు పల్లెల చివర బుట్టలు అల్లుకొనిరి. కొందఱు దొంగిలించిరి. ఈ మూడవ మాటను దాచుట సత్యము కాదు. ఎఱుకలవారిలో దొంగలు లేకుండిరని ఎవ్వరును చెప్పనక్కఱలేదు. ప్రశ్న యేమన, ఏల దొంగిలించిరి?

పాలకులు ఆ ప్రశ్నకు ముందే బదులు వ్రాసిపెట్టుకొనియుండిరి. 1871లో ఉత్తర హిందూదేశమునకై నేరస్థ జాతుల చట్టము చేయబడినపుడు, ఈ దేశమున సాలెవాని కొడుకు సాలెవాడును, వడ్రంగి కొడుకు వడ్రంగియు అగునట్లే దొంగ కొడుకు దొంగయే అగునను వాదము వినిపించెను. కులవృత్తుల సంగతి సగము తెలిసినవారు చేసిన తర్కమది. 1911లో చట్టమును మార్చి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. అంతట ఎఱుకలవారు పుట్టుకచేత నేరస్థులైరి. పేర్లు రిజిస్టరులలో కెక్కెను, వ్రేలిముద్రలు తీయబడెను. నియమితవేళలకు హాజరు చెప్పుకొనవలెను. అనుమతి లేక ఊరు దాటరాదు. ప్రభుత్వము కోరినచో నిర్ణీత ప్రదేశమున కాపురముండవలెను. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి బడులలో నుంచుటకును చట్టము అధికారమిచ్చెను.

గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సేవాసంస్థవారి ఆధ్వర్యవమున సీతానగరము, స్టూవర్టుపురము అను సెటిల్‌మెంట్లు వెలసెను. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురమునకు మద్రాసు గవర్నరు కార్యాలోచన సభ సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టిరి. నెల్లూరు సీమలోని కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు మఱియొక సెటిల్‌మెంటు నడిపిరి. వారు భూములు చూపిరి, బడులు పెట్టిరి, మందులిచ్చిరి. స్టూవర్టుపురమువారిని చీరాలలోని పొగాకు కర్మాగారమునకు పనికి పంపిరి. మిషనరీల సేవాభావమును శంకింపవలసిన పని లేదు. కాని పిల్లలకు సోకునని వారు భయపడినది దారిద్ర్యము కాదు, నేరస్వభావము. వైద్యుడు దయాళువైనను నిదానము తప్పినచో ఔషధము రోగిని బాధించుటకే యగును.

అన్నిటికంటె విచారింపదగినది ఈ చట్టము తన్నుతాను నిరూపించుకొనిన తీరు. నిన్నటిదాక ఊరూరు తిరుగుట జీవనోపాధియైన వానికి నేడు ఊరు దాటుటయే నేరమాయెను. బంధువుల ఇంట పెండ్లికి చీటి లేక పోయినవాడు నేరస్థుడు. హాజరునకు రానివాడు నేరస్థుడు. ఇట్టి నేరములకు పడిన శిక్షలు లెక్కల కెక్కుచుండెను. చుట్టుప్రక్కల ఎచ్చట కన్నము పడినను పోలీసులు మొదట వచ్చు చోటు సెటిల్‌మెంటు. మొదట వెదకినచోటనే మొదట పట్టుబడువారు దొరకుట సహజము. ఈ పట్టికలు చూచి అధికారులు, “చూచితిరా, ఎంత కట్టడి చేసినను వీరి స్వభావము మాఱదు” అనగలిగిరి. పిల్లవానిని చీకటిగదిలో కూర్చుండబెట్టి చదువలేదని కొట్టుట యిట్టిదే. ఆ చిట్టాలు వ్రాసిన గుమాస్తాలలో తెలుగువారెందఱో యుందురు. వారికిని సందేహము కలిగినట్లు కనబడదు.

ఇచ్చట ఒక పరిశోధన జ్ఞప్తికి వచ్చును. 1984లో జోన్ మిల్లర్ అను నామె మైసూరులోని హిందువులను, షికాగోలోని అమెరికనులను పోల్చి చూచెను. తెలిసినవారు చేసిన మంచిచెడ్డలకు కారణము చెప్పుమనగా, అమెరికను పెద్దలు గుణమును ఎక్కువగా పేర్కొనిరి. మైసూరు పెద్దలు సందర్భమును, చుట్టఱికమును, కర్తవ్యమును ఎక్కువగా పేర్కొనిరి. చిన్నపిల్లలలో ఇంత భేదము కనబడలేదు. అనగా ఇది పెరుగుటలో అలవడినది. ఈ సంగతి చదివి భారతీయులు కొంత గర్వింపవచ్చును. పొరుగువాని కష్టసుఖములు తెలిసిన ఊరిలో “పాపము, వానికి ఆ యేడు పంట పోయినది” అను మాట త్వరగా పుట్టును. కాని ఆ మాట చుట్టముల వఱకు, స్వకులస్థుల వఱకు, వీధి చివరి వఱకు నడచి ఆగిపోవును. ఊరి వెలుపల గుడిసె వేసికొనినవానికి అది చేరదు. వానికి సందర్భముండదు, కులము మాత్రముండును. స్టూవర్టుపురమను పేరు తెలుగుదేశమున దొంగతనమునకు పర్యాయపదమగుటకు విదేశీయులొక్కరే కారణము కారు. 1991లో ఆ ఊరి పేరు పెట్టుకొనిన తెలుగు చలనచిత్రములు రెండు విడుదలయ్యెను. ఊరిలో పుట్టి పెరిగి, చదివి, ఉద్యోగమునకు పోయిన పిల్లవాడు తన స్వగ్రామము పేరు చెప్పునపుడు ఎదుటివాని కనుబొమలను చూడవలసివచ్చుట ఎట్టిదో, ఆ చిత్రములకు చప్పట్లు కొట్టినవారు ఆలోచించియుండరు.

మద్రాసు రాష్ట్రమున ఈ చట్టము 1947లో రద్దయ్యెను. దేశమంతటి సంగతి విచారించుటకు 1949లో ఒక సంఘమును నియమించిరి. దాని అధ్యక్షుడు తిరుపతి చెంత తిరుచానూరులో జన్మించి, పిదప లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనము అయ్యంగారు. ఆ సంఘము చట్టమును తొలగింపవలెనని చెప్పెను. 1952 ఆగస్టు 31న చట్టము దేశమంతటను రద్దయ్యెను. అప్పటినుండి ఆ ప్రజలను విముక్త జాతులందురు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఎఱుకలవారు షెడ్యూల్డు తెగలలోనివారు. 1970ల దశకమున గుఱ్ఱము జాషువా కుమార్తె హేమలతయు, ఆమె భర్త, గోరా కుమారుడు అగు లవణమును స్టూవర్టుపురమునకు పోయి, నేరజీవితము వదలదలచినవారి నడుమ పనిచేసిరి. వారు దొంగలను దొంగలుగా నెంచక, వదలివేయుటకు దారి దొరకనివారిగా నెంచిరి. దారి చూపినపుడు కొందఱు వదలిరి, కొందఱు వదలలేదు. ఇతర కులములలోను ఫలితమట్లే యుండును.

చట్టము పోయినను వ్రాత పోవుటకు ఇంకను చాల కాలము పట్టెను. ఆయా రాష్ట్రములు అలవాటుపడిన నేరస్థుల చట్టములు చేసికొనెను. కొన్ని రాష్ట్రముల చెఱసాల నియమావళులలో విముక్త జాతులవారిని, సంచారజాతులవారిని అనుమానింపదగినవారినిగా పేర్కొను వాక్యములు అట్లే నిలిచెను; ఖైదీలకు కులమునుబట్టి పనులు పంచు నియమములును నిలిచెను. 2024 అక్టోబరు 3న సర్వోన్నత న్యాయస్థానము అట్టి నియమములు రాజ్యాంగ విరుద్ధములని తీర్పు చెప్పి, చెఱసాలల రిజిస్టరులలో కులము వ్రాయు గడిని తీసివేయవలెనని ఆదేశించెను. చట్టము రద్దయిన 72 ఏండ్లకు ఆ గడి సంగతి విచారణకు వచ్చినది.